మన గొంతు టవర్ దాకా చేరాలి

2019 నవంబరులో పాడేరు పైన ఒక గూడేనికి వెళ్లాం. కొత్త టవర్‌కు స్థలం చూడటం పని. జీపు ఆగిన చోటు నుంచి గంటకు పైగా నడక. ఊరి దగ్గరకి వచ్చేసరికి కొండ ఎక్కే బాట మీద జనం బారుగా వెళ్తున్నారు. ముందు రేషన్ డీలరు, అతని చేతిలో వేలిముద్రల మిషను. వెనక ముప్పై నలభై మంది ఉత్త చేతులతో. బియ్యం కింద డిపోలోనే ఉన్నాయి. వేలిముద్ర మాత్రం పైకెక్కి వెయ్యాలి. పైన నల్లటి బండ ఒకటి ఉంది. ఆ ఊళ్లో దాన్ని ‘సిగ్నల్ రాయి’ అంటారు.

డీలరు బండ మీద నిలబడి మిషన్ని రెండు చేతులతో తలపైకి ఎత్తాడు. సిగ్నల్ గీత కనపడగానే మెల్లగా దించి ఒక్కొక్కరి చేత వేలు పెట్టించాడు. ఒక ముసలమ్మ వంతు వచ్చింది. మూడుసార్లు వేలు పెట్టింది. మూడుసార్లూ తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. తన వేలి గీతలు అరిగిపోయాయేమో అనుకుని ఆమె బొటనవేలిని కొంగుకు తుడుచుకుని, ఉమ్మితో తడిపి, మళ్లీ పెట్టింది. తప్పు ఆమె వేలిది కాదు. నా చేతిలో సిగ్నల్ కొలిచే ఫోన్ ఉంది. అందులో మైనస్ 124 కనిపిస్తోంది.

ఆ అంకె గురించి కొంచెం చెప్పాలి. మా లెక్కలో పది తగ్గిన ప్రతిసారీ శక్తి పదో వంతుకు పడిపోతుంది. మైనస్ 80 ఉంటే హాయిగా సినిమా చూసుకోవచ్చు. మైనస్ 124 అంటే అందులో పాతిక వేలో వంతు. అయినా ఫోన్ మీద ఒక గీత కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే టవర్ నుంచి వచ్చేది ఎంత సన్నగా ఉన్నా ఫోన్‌కి వినిపిస్తోంది. మా కుర్రాడి వాట్సాప్‌లో మెసేజీలు వచ్చి పడుతున్నాయి కూడా. అతను జవాబు కొడితే మాత్రం వెళ్లడం లేదు. టవర్ ఒక్కో యాంటెన్నా నుంచి ఇరవై, నలభై వాట్లతో మాట్లాడుతుంది. 4జీ ఫోన్ మాట్లాడేది గరిష్ఠంగా 0.2 వాట్లతో. వేలిముద్ర వెళ్లాల్సింది పైకి. పైకి వెళ్లే దారి మూసుకుపోయి ఉంది.

ఇదే సంగతి డీలరుకు చెబుతుంటే ఆ ముసలమ్మ విని అడిగింది: “అయితే బాబూ, ఆడి మాట మనకి ఇనబడతాది గానీ, మన మాట ఆడికి ఇనబడదేటి?”

“అవునమ్మా, అంతే” అన్నాను. ఇరవై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను, నా ఉద్యోగంలోని అసలు సమస్యను అంత సూటిగా ఇంకెవరూ చెప్పగా వినలేదు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట కోసమే. మొబైల్ నెట్‌వర్క్‌ల తరాలను మనం వేగంతో కొలుస్తున్నాం. 2జీ ఇంత, 4జీ దానికి ఇన్ని రెట్లు, 5జీ ఇంకెన్నో రెట్లు, రేపు 6జీ అంతకన్నా. మన దేశంలో ఫోన్ నిజంగా మనుషుల బతుకు మార్చిన ప్రతిసారీ కారణం మాత్రం వేగం కాదు. ధర తగ్గడం, సిగ్నల్ దూరం వెళ్లడం. తర్వాతి తరాన్ని కూడా దూరంతోనే కొలవాలని నా వాదన. దూరం అంటే టవర్ ఎంత దూరం వినిపిస్తుందని కాదు, చవక ఫోన్ గొంతు ఎంత దూరం నుంచి టవర్‌కు వినిపిస్తుందని.

మొదటి నుంచి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ చేత్తో పట్టుకునే ఫోన్ నుంచి మొదటి కాల్ చేశాడు. మన దగ్గర 1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో కాల్ చేసినా డబ్బులే, వచ్చిన కాల్ ఎత్తినా డబ్బులే. మా నర్సీపట్నంలో ఒక కాంట్రాక్టరు గారికి సెల్‌ఫోన్ ఉండేది. చొక్కా జేబులో అది మోగితే నంబరు చూసి కట్ చేసి, రోడ్డు దాటి ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి తిరిగి ఫోన్ చేసేవారు. ఫోన్ జేబులో ఉన్నా మాట్లాడటానికి బూతే దిక్కు.

2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది రిలయన్స్ 501 రూపాయలకు ఫోన్ చేతిలో పెట్టింది. 2006 మార్చిలో బీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అంది. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా లెక్క తెచ్చింది. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా కొత్త ‘తరం’ కాదు. అన్నీ 2జీ కాలంలోవే. మా అమ్మ తన అక్కతో వారానికోసారి మాట్లాడటం మొదలైంది అప్పుడే. కూలీకి వెళ్లే మేస్త్రీలు, ఆటోవాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు ఫోన్ కొన్నది అప్పుడే. ఒక్క రింగు ఇస్తే ‘చేరాను’, రెండిస్తే ‘బస్టాండుకు రా’. మిస్డ్ కాల్ భాష ప్రతి ఇంట్లోనూ ఉండేది. డేటా వేగం గురించి అప్పుడు ఎవరూ అడగలేదు.

2జీకి ఇంకో గొప్ప గుణం ఉంది, బయటివాళ్లకు పెద్దగా తెలియదు. 900 మెగాహెర్ట్జ్‌లో పాత ఫోన్ రెండు వాట్లతో మాట్లాడేది. ఇప్పటి 4జీ ఫోన్‌కి పది రెట్లు. నిజమే, అది సమయాన్ని ఎనిమిది ముక్కలు చేసి తన వంతు వచ్చినప్పుడే మాట్లాడేది, అయినా ఆ క్షణంలో గొంతు గట్టిది. పైగా 900 తరంగం చెట్లను, గోడలను, కొండ అంచులను కొంచెం ఓర్చుకుంటుంది. భీమిలి దగ్గర మా వాళ్లు పరీక్షలు చేస్తున్నప్పుడు, వేటకు వెళ్లిన పడవల్లోంచి వచ్చే కాల్స్ చూసి నేను ఆశ్చర్యపోయేవాణ్ని. నీటి మీద అడ్డేమీ లేదు, తరంగం సాగిపోతుంది. 2జీకి ఆధారమైన జీఎస్‌ఎమ్ వ్యవస్థలో ఫోన్ ఎంత దూరంగా ఉంటే అంత ముందుగా తన మాట మొదలుపెట్టాలి, లేకపోతే పక్కవాడి వంతులోకి జొరబడుతుంది. ఆ ముందు జరుపుకోడానికి 63 మెట్లే ఇచ్చారు, ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు. అందుకని దాదాపు 35 కిలోమీటర్ల దగ్గర మాట తెగిపోతుంది. సిగ్నల్ సరిపోక కాదు, లెక్క అయిపోయి. దూరం గురించి ఆలోచించి కట్టిన వ్యవస్థ అది.

3జీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2010 వేలంలో కంపెనీలు సుమారు 67,700 కోట్లు కట్టాయి, అప్పులయ్యాయి, ధరలు పెరిగాయి, పట్టణాలు దాటి పెద్దగా వెళ్లలేదు. కొన్నేళ్లకే ఒక్కో కంపెనీ దాన్ని మూసేసింది.

4జీ కథ వేరు. కోల్‌కతాలో ఎయిర్‌టెల్ 2012లోనే మొదలుపెట్టింది. జనంలోకి వచ్చింది మాత్రం 2016 సెప్టెంబరు 5న జియో తెరుచుకున్నాకే. ఇక్కడా గెలిచింది ధరే. అయితే ఒక మార్పు చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. మనుషులకు మనుషులతో పడే పని తగ్గి, సర్వర్‌తో పని పెరిగింది. రేషన్‌కి వేలిముద్ర, పింఛనుకు ముఖం, 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకు రెండుసార్లు మస్టర్ ఫోటో. ప్రభుత్వ పనులన్నీ ఫోన్ గొంతు మీద ఆధారపడ్డాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ గొంతు రెండు వాట్ల నుంచి 0.2 వాట్లకు తగ్గింది, చాలాచోట్ల తరంగం 900 నుంచి 1800కు, 2300కు ఎక్కింది. 2జీలో ‘హలో’ అందే చాలా ఊళ్లలో 4జీ ఫోటో వెళ్లకపోవడానికి ఇదొక్కటే కారణం అనను. టవర్‌ను మిగతా నెట్‌వర్క్‌తో కలిపే లింకు, కరెంటు, బ్యాటరీ ఇవన్నీ ఉన్నాయి. పెద్ద కారణం మాత్రం ఇదే.

5జీ 2022 అక్టోబరు 1న మన దగ్గర మొదలైంది. అంతకు రెండు నెలల ముందు వేలం లక్షన్నర కోట్లకు ముగిసింది. ఎక్కువమంది కొన్నది 3300 బ్యాండు, అంటే 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. ఒకే రకం యాంటెన్నాలతో, ఒకే దూరంలో పోల్చితే 900లో అందేదానికి 3500లో అందేది పదిహేనో వంతు. టవర్ వైపు ఈ నష్టాన్ని పూడ్చారు. 64 చిన్న యాంటెన్నాలు కలిసి ఒక్క దిక్కున టార్చిలైటులా శక్తిని పోగేస్తాయి. 5జీ రేడియో పెట్టె రెండు వందల వాట్లు కూడా ఇస్తుంది. ఫోన్‌కి ఆ సౌకర్యం లేదు. అరచేతిలో పట్టే వస్తువు, చిన్న బ్యాటరీ, చెవి పక్కన పెట్టుకునేది కాబట్టి శక్తి పరిమితి. టవర్‌కి వెయ్యి రెట్లు పెద్ద గొంతు, మన ఫోన్‌కి అదే పాత గొంతు.

వేగం అక్కర్లేదని నేను అనడం లేదు. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం రోజు నెట్‌వర్క్ డ్యూటీ చేసినవాణ్ని. లక్షల మంది మూడు వీధుల్లో నిలబడితే తప్పిపోయిన పిల్లాడి గురించి తండ్రి చేసే కాల్ కూడా కలవదు. అక్కడ కావాల్సింది సామర్థ్యమే, 5జీ దాన్ని నిజంగానే ఇస్తుంది. తీగ లాగలేని ఇళ్లకు ఎయిర్ ఫైబర్ పేరుతో గాలిలోనే ఇంటర్నెట్ ఇస్తోంది, అది మంచి పని. నా బాధల్లా, ఆ ఒక్క దిక్కే చూసి దీన్నే తరం అంటున్నాం.

వేరే దిక్కు చూసినవాళ్లు ఉన్నారు. వాళ్లు మనకు దూరం కాదు, సంగారెడ్డి పక్కన కందిలో ఉన్నారు. ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ కిరణ్ కూచి, ఐఐటీ మద్రాసువాళ్లు, మరికొందరు కలిసి 5జీ ప్రమాణం ఇంకా తయారవుతున్నప్పుడే ఒక ప్రశ్న వేశారు. మన పల్లెల్లో ఫైబర్ చేరేది పంచాయతీ ఊరి దాకా. టవర్ అక్కడ పెట్టగలం. చుట్టూ ఉన్న పాలేలు, గూడేలు, తండాలు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అక్కడి మనుషులు కార్లలో వంద వేగంతో పోతూ మాట్లాడరు, నడుస్తూనో కూర్చునో మాట్లాడతారు. అయితే టవర్‌కి టవర్‌కి మధ్య ఆరు కిలోమీటర్లు ఉన్నా పనిచేసి తీరాలి అని ప్రమాణంలోనే ఎందుకు రాయకూడదు? భారత్ తరఫున ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ ఆ మాటను అంతర్జాతీయ టెలికం సంఘం ఐటీయూ దాకా తీసుకెళ్లింది. 2017లో ఐటీయూ ఒప్పుకుంది. 5జీ అని పిలిపించుకోవాలంటే ఆ పల్లెటూరి పరీక్ష కూడా పాసవ్వాలి.

పరీక్ష పెట్టి ఊరుకోలేదు, జవాబు కూడా ఇచ్చారు. అది నాకు ఎంతో ఇష్టమైన ఇంజనీరింగ్. ఫోన్ పంపే తరంగంలో ఉన్నట్టుండి ఎత్తైన శిఖరాలు వస్తాయి. ఆ శిఖరాల దగ్గర ఫోన్‌లోని యాంప్లిఫయర్ చెదిరిపోకుండా ఉండాలంటే మొత్తం శక్తిని ముందే తగ్గించి పెట్టుకోవాలి. ఒక్క పల్లవిలో పెద్ద ఆలాపన ఉందని మైకు పగలకుండా కచేరీ అంతా వాల్యూమ్ తగ్గించి పెట్టినట్టు. వాళ్లు ఆ తరంగాన్ని దాదాపు చదునుగా మలిచే పద్ధతి చెప్పారు. శిఖరాలు లేకపోతే భయం లేదు, యాంప్లిఫయర్ తన పూర్తి శక్తితో మాట్లాడొచ్చు. కొత్త టవర్ అక్కర్లేదు, పెద్ద బ్యాటరీ అక్కర్లేదు. ఉన్న గొంతునే పూర్తిగా వాడటం.

దీన్ని 5జీఐ అన్నారు. 2021 ఫిబ్రవరిలో ఐటీయూ ప్రచురించిన 5జీ సిఫార్సులో 3జీపీపీ అనే అంతర్జాతీయ వేదిక తయారుచేసిన, ప్రపంచమంతా వాడే ప్రమాణం పక్కన 5జీఐ కూడా ఉంది. మన దగ్గర పుట్టిన ప్రమాణం ఆ పేజీలో ఉండటం చూసి నేను గర్వపడ్డాను. ఆ తర్వాత గొడవ వచ్చింది. దేశానికో ప్రమాణం అయితే ఫోన్లు విడిగా తయారవ్వాలి, ఖరీదవుతాయి, బయటి ఫోన్లు ఇక్కడ పనిచెయ్యవు అని కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. వాళ్ల మాటలో న్యాయం ఉంది. పది వేల రూపాయల ఫోన్ పన్నెండు వేలైతే ఆ బండ మీద నిలబడ్డ మనిషికే దెబ్బ. చివరికి 2021 డిసెంబరు నాటికి 5జీఐని 3జీపీపీ ప్రమాణం 17వ కూర్పులో (రిలీజ్ 17) కలిపేశారు. కొంతమంది దీన్ని ఓటమి అన్నారు. నేను అనను. మన అవసరం అందరి ప్రమాణంలోకి వెళ్లింది. కాకపోతే ఆలస్యంగా వెళ్లింది. అప్పటికే పరికరాలు, చిప్‌లు తయారై మార్కెట్లో ఉన్నాయి.

6జీ దగ్గర ఇప్పుడు నా కంగారంతా ఇదే. 2023 నవంబరులో ఐటీయూ 2030 తరానికి ఒక చట్రం ప్రకటించింది. అందులో ఆరు రకాల వాడకాలు చెప్పారు. అంతటా అందుబాటు వాటిలో ఒకటి. ఇప్పటిదాకా కలవనివాళ్లను కలపడం మూల సూత్రాల్లో ఒకటి. చదవగానే సంతోషం వేసింది. తర్వాత సామర్థ్యాల చక్రం బొమ్మ చూశాను. గరిష్ఠ వేగం ఎదురుగా అంకెలున్నాయి: సెకనుకు 50, 100, 200 గిగాబిట్లు. ఆలస్యానికి అంకె ఉంది. మనిషి ఉన్న చోటు ఎంత కచ్చితంగా తెలియాలన్న దానికి సెంటీమీటర్లలో అంకె ఉంది. కవరేజీ అని కూడా ఉంది, ఒక్క టవర్ అంచు ఎంత దూరమో అదే కవరేజీ అని నిర్వచనం కూడా రాశారు. దాని ఎదురుగా మాత్రం అంకె లేదు.

మా రంగంలో అంకె లేనిదాన్ని ఎవరూ పట్టించుకోరు. టెండరులో ఉండదు, టెస్టులో ఉండదు, చిప్ తయారుచేసేవాడి కాగితంలో ఉండదు. ఐటీయూ వేసుకున్న షెడ్యూలు ప్రకారం 2024 నుంచి 2026 మధ్య కనీస అర్హతలు రాయాలి, 2027 నుంచి ప్రతిపాదనలు రావాలి, 2030కి ప్రమాణం రావాలి. 2027 అక్టోబరులో షాంఘైలో మొదలయ్యే ప్రపంచ రేడియో సదస్సులో 7, 8 గిగాహెర్ట్జ్‌ల దగ్గర, 15 దగ్గర కొత్త బ్యాండ్‌ల మీద చర్చ జరుగుతుంది. అన్నీ ఇంకా పైకే. పరిశోధన పత్రాల్లో 100 గిగాహెర్ట్జ్ దాటిన టెరాహెర్ట్జ్ లింకుల మాట వినిపిస్తుంది, అవి కొద్ది దూరానికే నీరసపడతాయి, చెట్టాకు అడ్డొస్తే ఆగిపోతాయి. లాబరేటరీలో అద్భుతం. గూడేనికి దాంతో పని లేదు.

నేను అడిగేది ఒక్క అంకె. టవర్‌కి నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఇంటి లోపల, అతి చవక ఫోన్ నుంచి పైకి సెకనుకు ఎన్ని బిట్లు తప్పకుండా వెళ్లాలి? చిన్న అంకె చాలు. వేలిముద్ర బరువు కొన్ని కిలోబైట్లు, ఒక సెకను మాట బరువు అంతకన్నా తక్కువ. ఆ అంకె తేలకుండా 6జీ పేరు ఇవ్వకూడదు.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. 2022 జులైలో కేంద్రం 24,680 సిగ్నల్ లేని ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. ఊరికి కోటి పైమాటే. అవసరమైన ఖర్చే, ఇంకా ముందే పెట్టాల్సింది. ఒక టవర్ వినగలిగే దూరం ఒకటిన్నర రెట్లు పెరిగితే అది కాసే విస్తీర్ణం రెండు రెట్లు దాటుతుంది. అంటే అదే డబ్బుతో రెండింతల ఊళ్లు. కొండ మీద టవర్‌కు సామాను మోసినవాళ్లకు, డీజిల్ డబ్బాలు భుజాన ఎత్తుకెళ్లినవాళ్లకు ఆ లెక్క విలువ తెలుసు. డీజిల్ అంటే గుర్తొచ్చింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో నిలబడి ఉన్న టవర్లు కూడా మూగబోయాయి. కరెంటు లేదు, బ్యాటరీలు అయిపోయాయి, ఫైబర్ తెగింది. ఐదు రోజులు మేం జనరేటర్ల వెంట తిరిగాం. తరం ఏదైనా బ్యాటరీ ఎన్ని గంటలు నిలవాలన్నది కూడా రాసి పెట్టాల్సిన అంకే.

ఇవన్నీ ఎందుకు, ఉపగ్రహాలు వస్తున్నాయి కదా అని మిత్రులు అంటారు. 2025 డిసెంబరు 24న మన శ్రీహరికోట నుంచే ఎల్‌వీఎం3 రాకెట్ ఆరు టన్నులు దాటిన బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. మామూలు ఫోన్‌తో నేరుగా మాట్లాడే ఉపగ్రహం అది. నాకు అందులో నచ్చింది దాని యాంటెన్నా. సుమారు 223 చదరపు మీటర్లు. మన ఫోన్ గొంతు పెంచలేమని తెలిసి, పైన చెవిని అంత పెద్దది చేశారు. సమస్య ఎక్కడుందో వాళ్లకు అర్థమైంది. వరదలో చిక్కుకున్నవాడికి, సముద్రంలో ఉన్నవాడికి అది ప్రాణం నిలుపుతుంది. అయితే ఒక్కో కిరణం కిందికి వచ్చేసరికి పదుల కిలోమీటర్ల వెడల్పు పరుచుకుంటుంది, దాని కింద ఉన్నవాళ్లంతా ఉన్నదాన్నే పంచుకోవాలి. రేకుల కప్పు కింద, దట్టమైన అడవిలో కూర్చున్న ఫోన్‌కి ఆకాశం కనపడదు. నేల మీది టవర్‌కి అది తోడు. టవర్ ఉండాల్సిందే.

మేం ఆ రోజు చూసిన స్థలంలో టవర్ రావడానికి నాలుగేళ్లు పైగా పట్టింది. అటవీ అనుమతులు, రోడ్డు, తర్వాత రేడియో లింకు. ఈ ఏడాది జనవరిలో మళ్లీ వెళ్లాను. డిపో కిందే నడుస్తోంది. సిగ్నల్ రాయి మీద ఎవరో చింతపండు ఎండబెట్టారు. ఆ ముసలమ్మ గురించి అడిగితే కూతురి ఊరికి వెళ్లిపోయిందన్నారు. గెడ్డకు, అంటే వాగుకు అవతల, అక్కడికి నాలుగు కిలోమీటర్లు.

మర్నాడు అక్కడికి నడిచి వెళ్లాం. ఇళ్ల మధ్యలో నా ఫోన్ మైనస్ 121 చూపించింది. ఒక గీత. ముసలమ్మ పొలానికి వెళ్లింది, ఆమె మనవరాలు గుమ్మంలో ఉంది. ఇంటర్ రెండో ఏడాది. వెదురు కర్ర చివర చిన్న బుట్ట కట్టి, అందులో ఫోన్ పెట్టి, కర్రను చూరు మీదికి లేపి పట్టుకుని నిలబడింది. రికార్డు పేజీల ఫోటోలు లెక్చరర్‌కి పంపుతోందట. మధ్యమధ్య కర్ర దించి చూసుకుంటోంది. తెర మీద ఫోటో పక్కన ఇంకా గడియారం బొమ్మే ఉంది. మళ్లీ లేపింది. చేతులు నొప్పెడితే నేను పట్టుకున్నాను. పదకొండు నిమిషాలకు దించి చూస్తే గడియారం పోయి ఒక టిక్కు కనిపించింది.

“ఎల్లింది సార్” అంది. ఇంకా ఆరు పేజీలున్నాయి. కర్ర మళ్లీ పైకి లేపింది.